ఇరవై డాలర్ల నోటు మీది ఖైదీ

ఆస్ట్రేలియాలో ఉండే తెలుగువాళ్లకు ఈ ముఖం బాగా తెలుసు, పేరే తెలిసి ఉండకపోవచ్చు. ఎర్రటి 20 డాలర్ల నోటు మీద, నెత్తిన కుచ్చుల టోపీ, ముక్కు మీద గుండ్రటి కళ్లద్దాలతో, ఎవరింటి బామ్మగారో అన్నట్టు చూస్తూ ఉంటుంది. పేరు మేరీ రీబీ. గుర్రం దొంగతనం కేసులో శిక్ష పడి, 15 ఏళ్ల వయసులో ఇంగ్లండ్ నుంచి సిడ్నీకి ఓడలో చేరిన ఖైదీ.

ఒక దేశం తన నోటు మీద దొంగతనం కేసులో శిక్ష పడ్డ మనిషిని అచ్చువేసుకోవడం చిత్రంగానే ఉంటుంది. అంతకంటే చిత్రం ఇంకోటి ఉంది. 1966లో ఆస్ట్రేలియా డాలర్లలోకి మారినప్పుడు మొదటి 10 డాలర్ల నోటు మీద వేసిన ఫ్రాన్సిస్ గ్రీన్‌వే ఫోర్జరీ నేరం మీద అక్కడికి వచ్చినవాడు. ఫోర్జరీ చేసినవాడి బొమ్మ కరెన్సీ మీద! ఆ గ్రీన్‌వే పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది.

మేరీ రీబీ మాత్రం ఈ నోటు చూస్తే సంతోషించేదని నాకు నమ్మకం లేదు. 1828లో, సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ వలసలో జనాభా లెక్కలు తీశారు. ఖైదీగా వచ్చావా, స్వేచ్ఛగా వచ్చావా, ఏ ఏడాది వచ్చావు అని ప్రతి మనిషినీ అడిగారు. అప్పటికి 50 ఏళ్లు దాటి, సిడ్నీలో పేరున్న ఆస్తిపరురాలైన మేరీ ఇచ్చిన జవాబు: ‘స్వేచ్ఛగా వచ్చాను, 1821లో.’ అందులో సాంకేతికంగా అబద్ధమూ లేదు. 1820లో సొంత ఖర్చుతో ఇంగ్లండ్ వెళ్లి, మరుసటి ఏడాది తిరిగొచ్చింది. మొదటి రాక మాత్రం 1792లో, సంకెళ్ల లెక్కలో. దాన్ని ఆమె కాగితం మీద నుంచి తుడిచేసింది. ఆమె తుడిచేసిన విషయాన్నే దేశం నోటు మీదకు ఎక్కించింది. ఈ రెండింటి మధ్య నడిచిన చరిత్ర ఏమిటన్నదే ఇక్కడి సంగతి.

మనకు ‘ద్వీపాంతరం పంపడం’ అనగానే అండమాన్ గుర్తొస్తుంది. ఇంగ్లండ్ ఈ శిక్షను మనమీద ప్రయోగించక ముందే తన సొంత పేదల మీద ప్రయోగించింది. 1718లో పార్లమెంటు చట్టం చేసి నేరస్థులను అమెరికా వలసలకు పంపడం మొదలుపెట్టింది. 1775లో అమెరికా తిరగబడింది, ఆ దారి మూసుకుపోయింది. జైళ్లు నిండాయి. థేమ్స్ నదిలో పాత ఓడల్ని కట్టేసి వాటిలో ఖైదీలను కుక్కారు. అవీ చాలక 1786లో ఆస్ట్రేలియా తీరాన్ని ఎంచుకున్నారు. 1788 జనవరి 26న మొదటి నౌకాదళం, 11 ఓడలు, సిడ్నీలో దిగింది. అప్పటి నుంచి 1868 దాకా సుమారు 1,62,000 మందిని పంపారు. వారిలో ఆడవాళ్లు దాదాపు 25,000 మంది.

ఆ రోజుల్లో ఇంగ్లండులో 200కు పైగా నేరాలకు ఉరిశిక్ష రాసి ఉండేది. ఒక షిల్లింగు, అంటే 12 పెన్నీలు, విలువ చేసే సొత్తు దొంగిలిస్తే చాలు, పెద్ద దొంగతనం కింద లెక్క. ఆడవాళ్ల మీద పెట్టిన కేసుల్లో ఎక్కువగా కనిపించేవి గౌన్లు, దుప్పట్లు, చేతిరుమాళ్లు, చెంచాలు, గజాల కొద్దీ గుడ్డ. పని చేసే ఇంట్లోనో దుకాణంలోనో తీసినవే. మేరీ వేడ్ అనే చిన్నపిల్లకు, ఇంకో పిల్ల ఒంటి మీది బట్టలు లాక్కున్నందుకు ఉరిశిక్ష పడింది. అప్పటికి దాని వయసు 11. 1789లో రాజు మూడో జార్జికి మతి కుదుటపడిన సందర్భంగా ఉరి తప్పించి, ద్వీపాంతరం పంపారు. ఆ పిల్ల 1859 దాకా బతికింది. కళ్లు మూసేనాటికి బతికున్న సంతతే 300 దాటింది. ఆస్ట్రేలియా ప్రధానిగా చేసిన కెవిన్ రడ్ ఆ వంశంవాడే.

ఆడవాళ్లను పంపడంలో శిక్ష ఒక్కటే లెక్క కాదు. మగవాళ్లతో నిండిన కొత్త వలసకు ఆడవాళ్లు ‘సరుకు’. మొదటి గవర్నర్ ఆర్థర్ ఫిలిప్‌కు లండన్ ఇచ్చిన ఆదేశాల్లో, అవసరమైతే పసిఫిక్ దీవుల నుంచి ఆడవాళ్లను తెప్పించుకోమని కూడా ఉంది. ఆ పని చేస్తే వాళ్లు దిగులుతో కృశించి పోతారని ఫిలిప్ వద్దనుకున్నాడు. 1789లో 200 మందికి పైగా ఆడఖైదీలతో బయల్దేరిన లేడీ జూలియానా ఓడ సిడ్నీ చేరడానికి 10 నెలలకు పైగా పట్టింది. దారిలో నావికులు తలొక ‘భార్య’ను ఎంచుకున్నారు. కొందరు బిడ్డలతో దిగారు. వాళ్ల ఇష్టం ఎంత, దిక్కులేనితనం ఎంత అని విడదీయడానికి ఆ ఆడవాళ్లు రాసిపెట్టిన కాగితాలు లేవు.

అందుకే మేరీ రాసిన ఒక్క ఉత్తరానికి అంత విలువ.

ఆమె పుట్టినప్పటి పేరు మాలీ హేడాక్. 1777లో లాంకషైర్‌లోని బరీ ఊళ్లో పుట్టింది. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే అమ్మమ్మ పెంచింది. చదువు చెప్పించారు, రాయడం వచ్చింది. 13, 14 ఏళ్ల వయసులో మగపిల్లాడి వేషం వేసుకుని, జేమ్స్ బరో అని పేరు చెప్పుకుని తిరుగుతూ దొరికింది. గుర్రం దొంగతనం నేరం మోపారు. స్టాఫర్డ్ కోర్టులో అసలు సంగతి, అంటే అది ఆడపిల్ల అని, బయటపడింది. ఏడేళ్లు ద్వీపాంతరం వేశారు. అసలైతే గుర్రం దొంగతనానికి ఉరే.

ఈస్టిండియా కంపెనీకి ఓడలు నడిపే రేవుల్లోంచే ఆమె ప్రయాణమూ సాగింది. ఎక్కిన రాయల్ అడ్మిరల్, ఆ కంపెనీ వ్యాపారంలో తిరిగే ఓడ. నాలుగు నెలల పైచిలుకు ప్రయాణం చేసి 1792 అక్టోబర్ 7న సిడ్నీ రేవులోకి వచ్చింది. మర్నాడు, ఇంకా ఓడ దిగకుండానే, మేరీ ఇంగ్లండులోని పిన్నికి ఉత్తరం రాసింది. అది న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర గ్రంథాలయంలో భద్రంగా ఉంది. ఊరు చూడ్డానికి బాగానే ఉందట. వారానికి నాలుగు జతల పంట్లాములు కుట్టాలట. వారానికి ఒక పౌను బియ్యం, నాలుగు పౌన్ల పందిమాంసం, ఆకుకూరలు ఇస్తారట. జీవితాంతం ఇక్కడే అని కొందరు అంటుంటే గవర్నర్ మాత్రం ఏడేళ్లే అన్నాడట. తలుచుకుంటే దుఃఖం వస్తోందట. రెండు మూడేళ్లలో వెళ్లిపోయే దారి వెతుక్కుంటానని, అందాకా ఉన్నంతలో సంతోషంగా ఉండటానికి చూస్తానని రాసింది.

ఆ బియ్యం దగ్గర నేను ఆగిపోయాను. లాంకషైర్ పిల్లకి బియ్యం ఎందుకు? ఆ వలస తన తిండి తాను పండించుకోలేక ఆకలికి చేరువలో ఉన్న రోజులవి. అదే ఏడాది జూన్‌లో అట్లాంటిక్ అనే ఓడ కలకత్తా వెళ్లి బియ్యం, పప్పు, రవ్వ తెచ్చింది. రొట్టె తప్ప మరొకటి ఎరగని నోళ్లకు మన పప్పు బొత్తిగా రుచించలేదు. సిడ్నీకి ఇండియాతో సంబంధం ఐటీ ఉద్యోగాలతో మొదలు కాలేదు.

ఇక రెండు మూడేళ్లలో వెళ్లిపోతానన్న మాట. ఏడేళ్ల శిక్ష అంటే ఏడేళ్లకు ఇల్లు చేరతామని అర్థం కాదు. ప్రభుత్వం పంపడానికే ఖర్చు పెట్టింది, తిరుగు టిక్కెట్టు ఇవ్వలేదు. శిక్ష తీరిన మగవాడు ఏదో ఓడలో కూలికి చేరి వెళ్లిపోగలడు. ఆడమనిషిని ఏ ఓడ కూలికి పెట్టుకుంటుంది? కాగితం మీద ఏడేళ్లు, నిజానికి యావజ్జీవం. ఆ లెక్క తప్పని నిరూపించిన మనిషి ఒకరు ఉన్నారు, కానీ ఆ వెల ఎవరూ కోరుకోరు. మొదటి నౌకాదళంలో వచ్చిన మేరీ బ్రయంట్ 1791 మార్చి 28 రాత్రి భర్త, ఇద్దరు పసిపిల్లలు, మరో ఏడుగురు మగఖైదీలతో గవర్నర్ పడవ ఎక్కి పారిపోయింది. 69 రోజులు, దాదాపు 5,000 కిలోమీటర్లు, తీరం వెంబడి తెడ్లు వేస్తూ తిమోర్ చేరారు. ఓడ మునిగి బతికి బయటపడ్డామని డచ్చివాళ్లను నమ్మించారు. చివరికి దొరికిపోయారు. భర్త, కొడుకు బటావియాలో (నేటి జకార్తా) పోయారు. కూతురు ఇంగ్లండ్ తిరిగి తీసుకెళ్తున్న ఓడలో పోయింది. మేరీ బ్రయంట్ ఒంటరిగా లండన్ జైలుకు చేరింది. రచయిత, లాయరు జేమ్స్ బాస్వెల్ పట్టించుకున్నందున 1793లో క్షమాభిక్ష దొరికింది.

రీబీ ఉత్తరం రాసిన అక్టోబర్ నాటికి ఆ పడవ కథ జరిగి ఏడాదిన్నరే అయింది.

ఆమెను లెఫ్టినెంట్ గవర్నర్ ఫ్రాన్సిస్ గ్రోస్ ఇంట్లో ఆయాగా పెట్టారు. 1794 సెప్టెంబర్‌లో థామస్ రీబీ అనే ఐరిష్ కుర్రాణ్ని పెళ్లి చేసుకుంది. అతను ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండి వచ్చినవాడు, ఖైదీ కాడు. ఆమె తలరాతలో పెద్ద మలుపు ఇదే. ఖైదీ ఆడమనిషికి స్వేచ్ఛగా వచ్చిన భర్త అంటే నెత్తిన గొడుగు. పెళ్లి చర్చిలో జరగడం ఇంకో గొడుగు. 1806లో పాదిరీ శామ్యూల్ మార్స్‌డెన్ వలసలోని ఆడవాళ్లందరి చిట్టా తయారుచేశాడు. 395 మందిని పెళ్లయిన వాళ్లని, 1,035 మందిని ‘ఉంపుడుగత్తెలు’ అని రాశాడు. ఇంగ్లండ్ చర్చి పద్ధతిలో జరిగిన పెళ్లే ఆయన దృష్టిలో పెళ్లి. ఐరిష్ క్యాథలిక్కులు, యూదులు, ఒక్కడితోనే ఇరవై ఏళ్లు కాపురం చేస్తున్నవాళ్లు, అందరూ రెండో ఖాతాలోకే పోయారు. ఖైదీ ఆడవాళ్లంతా చెడిపోయిన వాళ్లేనన్న పేరు ఇలాంటి చిట్టాలు చదివినవాళ్ల ద్వారా వందేళ్లకు పైగా పాకింది.

రీబీ దంపతులు హాక్స్‌బరీ నది ఒడ్డున పొలం సంపాదించారు. అక్కడి ధాన్యాన్ని పడవల మీద సిడ్నీకి తెచ్చారు. తర్వాత బొగ్గు, దేవదారు, సీల్ చర్మాలు, ఆ తర్వాత సముద్రం దాటే ఓడలు. సిడ్నీ మెక్వారీ ప్లేస్‌లో కట్టుకున్న ఇంటికి పెట్టిన పేరు ‘ఎంటాలీ హౌస్’. ఎంటాలీ అంటే కలకత్తాలో ఒక పేట. మనవాళ్లు హ్యూస్టన్‌లో ఇంటికి ‘గోదావరి’ అని పేరు పెట్టుకున్నట్టు, థామస్ తన కలకత్తా రోజుల్ని గుమ్మానికి తగిలించుకున్నాడు.

హాక్స్‌బరీ పొలం అని ఒక్క మాటతో దాటేయకూడదు. ఆ నది ఒడ్డు డారుగ్ అనే ఆదివాసీ జాతివాళ్లది. ఒడ్డు మట్టిలో పెరిగే దుంపలు వాళ్ల తిండి. వచ్చినవాళ్లు ఆ దుంపల నేలనే దున్ని మొక్కజొన్న వేశారు. ఆకలితో కంకులు కోసుకోవడానికి వచ్చిన వాళ్లను కాల్చారు. వాళ్లు తిరగబడ్డారు. ఇంగ్లండులో గజం గుడ్డ తీసినందుకు దేశం దాటించిన చట్టం, ఇక్కడ ఒక జాతి నేలంతా తీసుకుంటే పట్టాలు రాసిచ్చింది. ఆ పట్టాలు అందుకున్న చేతుల్లో సంకెళ్లు తీసిన చేతులు చాలా ఉన్నాయి.

1811 ఏప్రిల్‌లో థామస్ పోయాడు. తర్వాతి నెలలోనే వ్యాపార భాగస్వామి ఎడ్వర్డ్ విల్స్ కూడా పోయాడు. 33 ఏళ్ల మేరీ చేతిలో ఏడుగురు పిల్లలు, ఓడలు, పొలాలు, హోటలు, అప్పుల ఖాతాలు. ఇక్కడ చట్టంలోని మెలిక చూడాలి. అప్పటి ఇంగ్లిష్ చట్టంలో పెళ్లయిన ఆడదానికి సొంత ఆస్తి లేదు, ఉన్నదంతా మొగుడిదే. విధవకు ఉంది. భర్త పోవడంతోనే ఆమె చట్టం కంట్లో పూర్తి మనిషి అయింది. మన ఊళ్లలో విధవ మూలన కూర్చోవాల్సిన అవే రోజుల్లో, సిడ్నీలో ఒక విధవ 1812లో జార్జ్ స్ట్రీట్‌లో కొత్త గిడ్డంగి తెరిచింది. 1816 నాటికి ఆస్తి 20,000 పౌన్లని అంచనా. బాకీ కట్టని మనిషి మీద చెయ్యి చేసుకున్నందుకు 1817లో కోర్టు ఆమెను దోషిగా తేల్చింది కూడా. నోటు మీది బామ్మ కళ్లద్దాల వెనక ఆ చెయ్యి ఉందని తెలిస్తే బొమ్మ కొంచెం వేరేగా కనిపిస్తుంది.

అదే 1817 ఏప్రిల్‌లో ఆ వలసలో మొదటి బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్, తలుపులు తెరిచింది మెక్వారీ ప్లేస్‌లో ఆమె అద్దెకిచ్చిన ఇంట్లో. ఆ బ్యాంకే ఇవాళ్టి వెస్ట్‌పాక్. గవర్నర్ లాక్లన్ మెక్వారీ శిక్ష తీరినవాళ్లను విందులకు పిలిచాడు, పదవులిచ్చాడు. స్వేచ్ఛగా వచ్చిన పెద్దకుటుంబాలు మండిపడ్డాయి. మేరీ లాంటివాళ్లకు అది మంచి కాలం. అదే మెక్వారీ 1816లో పంపిన సైనికులు అప్పిన్ దగ్గర ధరవల్ ఆదివాసుల్ని చంపారు. ఒకే మనిషి, రెండు చేతులు.

1820లో ఇద్దరు కూతుళ్లను వెంటబెట్టుకుని లాంకషైర్ వెళ్లింది. పుట్టిన ఊళ్లో ఆదరంగా చూశారు. పిన్నికి రాసిన ‘రెండు మూడేళ్లు’ 28 ఏళ్లయింది. అక్కడ ఉండిపోవచ్చు. ఉండలేదు, తిరిగొచ్చింది. ఆ తిరుగు ప్రయాణమే జనాభా లెక్కల్లో ఆమెకు అక్కరకొచ్చింది.

ఇంతవరకూ నోటు మీది మనిషి కథ. ఇలాంటి కథలు ప్రభుత్వాలకు నచ్చుతాయి: పడింది, లేచింది, సంపాదించింది. కానీ మిగిలిన 25,000 మందిలో చాలామందికి రాయడం రాదు, కంపెనీ భర్త దొరకలేదు, మెక్వారీ విందు దొరకలేదు. చాలామంది ఇళ్లల్లో పనిమనుషులుగా కేటాయింపు మీద వెళ్లారు. యజమానికి ఎదురు చెప్పినా, తాగినా, గర్భం వచ్చినా వెనక్కి పంపేవారు. వెనక్కి అంటే సిడ్నీకి పడమట ఉన్న పారమట్టాలోని ఆడవాళ్ల ఫ్యాక్టరీకి.

ఆ పేరు విని మిల్లు అనుకోకూడదు. జైలు, నేతశాల, ప్రసూతి ఆసుపత్రి, పనిమనుషుల్ని ఇచ్చే కార్యాలయం, పెళ్లిళ్ల పేరయ్య అరుగు, అన్నీ ఒకే గోడల మధ్య. మొదట 1804లో జైలు పైఅంతస్తులో పెట్టారు. చోటు చాలక చాలామంది ఊళ్లో గది అద్దెకు వెతుక్కునేవారు, ఆ అద్దె సంపాదించే దారి వాళ్లే చూసుకోవాలి. 1821లో నదిపక్కన కొత్త భవనంలోకి మారారు. నక్షా గీసింది ఫోర్జరీ ఖైదీ గ్రీన్‌వే. లోపల మూడు తరగతులు. మొదటి తరగతి వాళ్లు బయట పనికి, పెళ్లికి అర్హులు. మూడో తరగతి నేరం చేసినవాళ్లకు. అందులోకి వస్తే గుండు గీసేవారు. తిరుపతి కొండ మీద తల ఇచ్చిన ఆడవాళ్లు మన ఇళ్లల్లోనే ఉంటారు కాబట్టి గుండంటే మనకు మొక్కు కూడా. అక్కడ అది అచ్చంగా అవమానం. ఏ శిక్షకూ లొంగని ఆడవాళ్లు కత్తెర చూసి తిరగబడేవారు.

పెళ్లిళ్లు ఇలా జరిగేవి. పెళ్లాం కావాలన్నవాడు అనుమతి కాగితంతో వస్తే ఫ్యాక్టరీని చూసుకునే మేట్రన్ అర్హులైన ఆడవాళ్లను వరసగా నిలబెట్టేది. అతను నడుచుకుంటూ చూసి, నచ్చినామెకు సైగ చేసేవాడు. ఆమె కాదనవచ్చు. అది నిజమైన హక్కే, కొందరు వాడుకున్నారు కూడా. పెళ్లిచూపులంటే మనకు కొత్త కాదు కానీ, కాదంటే మళ్లీ ఉన్నిరాట్నం దగ్గరికే.

1827 అక్టోబర్‌లో రొట్టె, చక్కెర కోత పెట్టారు. ఆడవాళ్లు గేట్లు బద్దలుకొట్టి పారమట్టా వీధుల్లో పడ్డారు. రొట్టెల దుకాణాలు, మాంసం కొట్లు కొల్లగొట్టారు. బాకా ఊది సైనికుల్ని పంపితే, వాళ్ల మధ్య ఒడి నిండా రొట్టె, మాంసం మూటగట్టుకుని తిరిగి నడిచారు. ఇందుకు ఒకరిద్దరిని శిక్షిస్తే అందరం శిక్ష అనుభవిస్తామని అరిచారు. ఆస్ట్రేలియాలో కార్మికుల తొలి పోరాటాల్లో ఒకటిగా ఇప్పుడు దీన్ని చెబుతున్నారు. టాస్మానియాలో హోబార్ట్ దగ్గరి కాస్కేడ్స్ ఫ్యాక్టరీ ఇంకా చలి, ఇంకా తడి. పాత సారా బట్టీని జైలుగా మార్చిన చోటు, లోయ అడుగున. అక్కడ పుట్టిన పసిపిల్లలు గుంపులుగా చనిపోయారు.

ఈ పద్ధతి మనకూ వచ్చింది. 1858లో పోర్ట్ బ్లెయిర్ తెరిచాక ఆడఖైదీలనూ పంపారు. సౌత్ పాయింట్‌లో వాళ్లకు జైలు కట్టారు. మంచి నడవడి ఉన్న మగఖైదీ ఆ జైల్లోంచి భార్యను ఎంచుకోవచ్చు. పారమట్టా వరస బంగాళాఖాతంలో మళ్లీ నిలబడింది. మన జ్ఞాపకంలో అండమాన్ అంటే సెల్యులర్ జైలు, అందులోని స్వాతంత్ర్య యోధులు. సౌత్ పాయింట్ ఆడవాళ్ల ఊసు ఎక్కడా వినం.

సిడ్నీకి ఖైదీల రాక 1840లో ఆగింది, టాస్మానియాకు 1853లో. ఆ దీవి పాత పేరు వాన్ డీమెన్స్ ల్యాండ్. ఖైదీల వాసన వదిలించుకోవడానికి 1856లో పేరే మార్చేసుకున్నారు. మనుషులూ అదే చేశారు. తాతముత్తాతల ఊసు వస్తే మాట మార్చడం, ఖైదీని ‘తొలితరం వలసదారు’ అనడం మూడు నాలుగు తరాలు సాగింది. 1855లో మేరీ న్యూటౌన్‌లో పోయింది. ఆమె మనవడు, అతని పేరూ థామస్ రీబీనే, 1876లో టాస్మానియా ప్రధాని అయ్యాడు.

గాలి తిరిగింది 1960ల తర్వాత. వంశవృక్షాలు వెతకడం జనానికి సరదా అయింది. మొదటి నౌకాదళంలో తమ పూర్వీకులున్నారని చెప్పుకోవడం గొప్పయింది. ఆడచరిత్రకారులు మార్స్‌డెన్ చిట్టాల్ని, ఓడల జాబితాల్ని మళ్లీ చదివి, ‘చెడిపోయినవాళ్ల’లో వంటమనుషుల్ని, పాలు పితికేవాళ్లను, కుట్టుపనివాళ్లను బయటికి తీశారు. 1994లో మేరీ నోటు మీదకొచ్చింది. 2010లో యునెస్కో 11 ఖైదీ స్థలాల్ని ప్రపంచ వారసత్వం కింద గుర్తించింది. కాస్కేడ్స్ అందులో ఉంది, పారమట్టా ఫ్యాక్టరీ లేదు. దాన్ని ఆస్ట్రేలియా తన జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది 2017లో.

అంత ఆలస్యం అయిన ఆ చోటికి ఖైదీల తర్వాత కూడా ఖాళీ దొరకలేదు. 1848లో పిచ్చాసుపత్రి అయింది. పక్కనే అనాథాశ్రమం, 1887 నుంచి ‘దారి తప్పిన’ ఆడపిల్లల్ని పెట్టే ప్రభుత్వ పాఠశాల. అది 1974 దాకా నడిచింది. వెస్ట్‌మీడ్‌లోనూ హారిస్ పార్కులోనూ ఇవాళ ఉంటున్న మన కుటుంబాలకు నడిచి వెళ్లేంత దూరం. అందులో పెరిగి, ఇప్పుడు ముసలివాళ్లయిన ఆడవాళ్లు అప్పుడప్పుడూ ఆ గోడల దగ్గరకు వస్తారు. ఆ చోటును కాపాడమని ఏళ్ల తరబడి అడిగింది కూడా వాళ్లే.